అమలు తేదీ

“అమ్మా, జర అమలు తేదీ గూడ రాయరాదు!”

చేవెళ్ల కోర్టు ముందు పిటిషన్ టైపు చేయిస్తున్న వకీలు వెన్నెలకు చిర్రెత్తుకొచ్చింది. మళ్లీ ఈ ముసలాయనే! కూలీల కేసు అంటే చాలు, వెనక నిలబడి తొంగి చూస్తాడు.

“తాతా, రూలు పేరు రాసిన. చట్టం పేరు రాసిన. జీవో నంబరు, తేదీ రాసిన. ఇంకేం గావాలె?”

“జీవో జూన్‌ల ఇచ్చిండ్రు బిడ్డా. అమలు మాత్రం మార్చి పదకొండు నుంచి. ఆఖర్ల ఉంటది సూడు. జడ్జి సారు ఆ తేదీ సదువుతుంటే ఒక్కపారి ఇనాల్నని ఉన్నది.”

“నువ్వేమన్న వకీలువా?”

ముసలాయన తల దించుకున్నాడు. టైపిస్టు ఎల్లేశ్ ఏదో చెప్పబోయాడు.

“నువ్వు కొట్టన్నా, టైమైతున్నది,” అంది వెన్నెల.

కేసు అంతమ్మది. ఐటీ కంపెనీల పుణ్యమా అని గచ్చిబౌలి వైపు మేడలు లేస్తున్న రోజులు. మొయినాబాద్ నుంచి అక్కడికి కూలికి పోయిన ఆమె పెనిమిటి, ఏప్రిల్‌లో మూతలేని సంపులో పడి చనిపోయాడు. సంపులకు మూత ఉండాలన్న రూలే ఇప్పుడామెకు దిక్కు.

వాదన రోజు అవతలి వకీలు నవ్వాడు.

“చావు ఏప్రిల్‌లో, రూలు జూన్‌లో. అప్పటికి పుట్టని రూలును మేమెట్లా మీరుతాం సార్?”

వెన్నెల పిటిషన్‌లో జీవో తేదీ మళ్లీ చూసింది. జూనే. అంతమ్మ ఆమె మొహంలోకే చూస్తోంది. వెన్నెల జడ్జిని బతిమాలి వాయిదా తీసుకుంది.

ఆ సాయంత్రమే జీవో గెజిట్ కాపీ ఆఖరిదాకా చదివింది. నిజమే! మార్చి పదకొండు నుంచి అమలు.

తర్వాతి వాయిదాకు జడ్జిగారు ఆ తేదీని పైకి చదివారు. అంతమ్మ గెలిచింది.

వెన్నెల కళ్లు గుమ్మం వైపే వెతికాయి. అయ్యో, ముసలాయన ఉంటే ఎంత బాగుండు! ఆ మాట ఆయన చెవిన పడలేదే అని ప్రాణం కొట్టుకుంది.

పరుగున ఎల్లేశ్ దగ్గరికి వచ్చింది.

“తాత ఏడన్నా? కాళ్లు మొక్కాలె.”

“చెన్నయ్యనా? పోయిన నెలనే కాలం జేసిండు మేడం.”

వెన్నెల అక్కడే బల్ల మీద కూలబడింది.

“ఆ తేదీ ఆయనకెట్ల తెల్సన్నా?”

“తెల్వకెట్ల? ఆయన ఒక్కగానొక్క బిడ్డ సంపుల పడ్డ దినం గదా అది. రూల్ల పిల్ల పేరెట్లాగూ రాయరు, ఆ దినమన్న ఉండాలని ఆఫీసుల సుట్టు తిరిగి రాయించుకున్నడు మేడం.”