గిజిగాడి ఫిర్యాదు

వాగు ఒడ్డున పక్షులకో గూళ్ల కాలేజీ ఉండేది. అక్కడ గడ్డిపోచలతో ముడులు వేయడం నేర్పే మాస్టారు గిజిగాడు. ఒక్క ముడి వదులైనా గూడంతా విప్పించి మళ్లీ అల్లించేవాడు. పిల్లలు లోలోపల తిట్టుకునేవారు గానీ, వాళ్లు కట్టిన గూళ్లు గాలివానకు ఊగేవే తప్ప ఊడేవి కావు.

ఒకరోజు ప్రిన్సిపాల్ నెమలి పిలిచి, "మాస్టారూ, రేపట్నించి మీరు రానక్కర్లేదు. మీ పాఠం వింటే నిద్రొస్తోందట. మీ బదులు కోయిలమ్మను తీసుకున్నాం. ఇంటర్వ్యూలో ఎంత కమ్మగా మాట్లాడిందో!" అంది.

గిజిగాడికి ఒళ్లు మండింది. వాగు తగవులన్నీ తీర్చే కాకి దగ్గరికి నేరుగా వెళ్లి ఫిర్యాదు చేశాడు. కాకి తన గూడున్న వేపచెట్టు మీదే పంచాయితీ పెట్టింది.

"కోయిలమ్మా, గూళ్ల సంగతిలో నీ అనుభవమెంత?"

"నా పిల్లలంతా మొదటిరకం గూళ్లలోనే పెరిగారండీ. ఒక్కడికీ చలిగాలి సోకలేదు."

"విన్నారా!" అంది నెమలి మురిసిపోతూ.

"ఆ గూళ్లు కట్టిందెవరో కూడా అడగండి," అన్నాడు గిజిగాడు.

కోయిల తల తిప్పుకుంది.

"ఈ ఏడు పుట్టిన పిల్ల ఎక్కడుంది?" కాకి గద్దించింది.

సరిగ్గా అప్పుడే పైనున్న కాకి గూట్లో, అన్నిటికన్నా బొద్దుగా ఉన్న పిల్ల ఆకలేసి నోరు తెరిచింది.

"కుహూ!"

కాకి తలెత్తి తన గూట్లోకి చూసింది. తర్వాత గొంతు సవరించుకుంది.

"మాస్టారూ, మీ ఉద్యోగం మీదే. రేపటి మొదటి పాఠానికి నేనూ వస్తాను. గూటికి తలుపు పెట్టడం నేర్పండి."