బొగ్గు బాయిలర్ మీద ఫిర్యాదు

"ఇందులో మీరు కాలుస్తున్నది బొగ్గా, పాత చెప్పులా?"

మునిసిపాలిటీ నుంచి వచ్చిన వియోలెట్టా నేలమాళిగ మెట్ల మీద నిలబడి, ముక్కుకు కండువా అడ్డం పెట్టుకుని అరిచింది.

"బొగ్గే! నేను ముప్పై ఏళ్ళు తవ్విన గనిలోంచి వచ్చిన బొగ్గు!" అంతకన్నా గట్టిగా అరిచాడు అలోయ్‌జీ.

పొయ్యి మీద ఎర్ర క్యాబేజీ కూర వదిలేసి పరుగున వచ్చిన ఉర్షులా, భర్త వెనక నిలబడి తల పట్టుకుంది. ఇల్లంతటికీ వేడినిచ్చే ఆ పాత బాయిలర్ మూలన కూర్చుని, సందుసందునా పొగ కక్కుతోంది.

"మీ పొగగొట్టం ఊరి మీద మసి పోస్తోందని ఫిర్యాదు వచ్చింది. చూస్తే నిజమే. ఇలాంటివి కాల్చకూడదని చట్టం వచ్చిందని తెలీదా పెద్దాయనా? కొత్తది పెట్టించుకుంటే ఖర్చు చాలామటుకు ప్రభుత్వమే భరిస్తానంటోంది. మీలాంటి పింఛనుదార్లకైతే దాదాపు మొత్తం. ఇంకేం కావాలి? కాళ్ళు పట్టుకుని బతిమాలాలా?"

"నేనూ అదే మొత్తుకుంటున్నానమ్మా!" ఉర్షులాకి ఎన్నాళ్ళకో ఒక తోడు దొరికింది. "రెండు చలికాలాల నుంచి నోరు నొప్పెట్టేలా చెప్తున్నా. పొద్దున తెల్ల దుప్పటి ఆరేస్తే సాయంత్రానికి ఎలక రంగుకొస్తుంది. కిటికీ పరదాలు ఉతికీ ఉతికీ నా చేతులు అరిగిపోయాయి. వింటేనా! గోడకి చెప్పుకున్నా ఈపాటికి కరిగుండేది."

"నువ్వు నోరు మూసుకోవే! మా నాన్న గనిలో, నేను గనిలో. బొగ్గు తవ్వినవాడి ఇంట్లో కాకపోతే ఇంకెక్కడ కాలుతుంది బొగ్గు? ఆ ఫ్యాను దొరలాగా గోడకి గిర్రుమనే పెట్టె తగిలించుకోమంటావా?"

ఫ్యాను దొరంటే ఎదురింటి గెరార్డు. అతనూ ఒకప్పుడు అలోయ్‌జీతో కలిసి గనిలో దిగినవాడే. నిరుడు ప్రభుత్వ సాయానికి సంతకం పెట్టి, ఇల్లు వెచ్చబెట్టే కరెంటు యంత్రం పెట్టించుకున్నాడు. ఆనాటి నుంచి బీరు కొట్లో నలుగురి ముందూ అలోయ్‌జీ అతనికి ఆ పేరే ఖాయం చేశాడు.

ఉన్నట్టుండి అలోయ్‌జీ కళ్ళు పెద్దవయ్యాయి.

"అదీ సంగతి! ఫిర్యాదు చేసింది వాడే! గెరార్డుగాడే!"

బొగ్గు కెలికే ఇనప చువ్వ అందుకుని మెట్ల వైపు దూసుకెళ్ళాడు. రెండు మెట్లు ఎక్కి, గోడ పట్టుకుని ఊపిరి పీల్చుకుంటుంటే, ఉర్షులా పక్కనుంచి పైకెళ్ళి తలుపుకి అడ్డంగా నిలబడింది.

"కొడితే ముందు నన్ను కొట్టు! వాడి పెళ్ళాం, నేనూ ప్రతి ఆదివారం చర్చిలో ఒకే బల్ల మీద కూర్చుంటాం. రేపు దాని మొహం ఎలా చూడను? నీకు సిగ్గులేకపోతే నాకుంది!"

"తప్పుకోవే!"

"తప్పుకోను!"

"చువ్వ కింద పెట్టండి!" వియోలెట్టా గొంతుకి నేలమాళిగ అదిరింది. "పెద్దవాళ్ళు కదా అని ఊరుకుంటుంటే వీధి రౌడీలా తయారయ్యారు. మీ మొండితనం కోసం వీధిలో పసిపిల్లలంతా మసి మింగాలా? చివరిసారి అడుగుతున్నా. కొత్తదానికి ఈ కాగితం మీద సంతకం పెడతారా, దీనికి సీలు వేసి జరిమానా రాయమంటారా?"

"ఈ మంచులో ముసలాణ్ణి చలికి చంపుతావా?"

"మీరే చస్తానంటుంటే నేనేం చెయ్యను?"

పెళ్ళై ఇన్నేళ్ళయినా, అలోయ్‌జీని ఇంతలేసి మాటలన్నవాళ్ళని ఉర్షులా చూడలేదు. ఇక మీద పడతాడేమోననుకుంది. కానీ అతను చువ్వ విసిరికొట్టి, మెట్టు మీద చతికిలబడ్డాడు.

"ఏదీ, ఇలా తగలెయ్!" అని కాగితం లాక్కుని గీకాడు. "ఏమే, నువ్వే సాక్షివి. నేను ఒప్పుకోలేదు. సర్కారు నా మెడ మీద కత్తి పెట్టింది. ఎవరడిగినా ఇదే చెప్పు. ఇక ఆ గెరార్డుగాడి సంగతి రేపు చూస్తా."

రెండు చలికాలాల పోరు ముగిసింది. సంతోషించాల్సిన ఉర్షులాకి ఒళ్ళు మండిపోయింది. దీన్ని వదిలించుకుంటే ఇంకోటి తగులుకుంది. ఈ మొండిఘటం రేపు ఎదురింటి మీద పడితే, చచ్చేదాకా ఆ రెండు గుమ్మాల మధ్య నలిగేది తనే.

గసగసాల కేకు ముక్క కాగితంలో చుట్టి, ఇంటి చెప్పులతోనే మంచులోకి పరుగెత్తి, గేటు దగ్గర వియోలెట్టాని పట్టుకుంది.

"అమ్మా, నీకు పుణ్యముంటుంది. ఆ ఫిర్యాదు చేసింది గెరార్డు కాదని ఒక్క మాట చెప్పు. ఇంకేం అడగను."

"పేర్లు చెప్పకూడదండీ." ఇందాక అరిచిన గొంతు ఇదేనా అన్నంత మెత్తగా ఉంది ఆ గొంతు. "ఆయన కాదు. ఆ మాట మాత్రం చెప్పగలను."

"మరెవరమ్మా? మా మీద అంత కక్ష ఎవరికుంది?"

వియోలెట్టా ఇంటి వైపోసారి చూసి, కేకు ముక్క సంచిలో పెట్టుకుంది.

"మీ ఆయన మీద అంతలా అరిచినందుకు ఏమీ అనుకోకండి. ఫోన్ చేసినాయనే అలా అరవమన్నారు. 'అమ్మాయ్, బొగ్గు బకెట్టు మోయలేకపోతున్నాను, నువ్వొచ్చి మా ఆవిడ వినేలా నన్ను నాలుగు తిట్టి సంతకం పెట్టించుకుపో' అని."