ఆఖరి స్టేషన్ పేరు

టకటకమని చిన్న చక్రాల చప్పుడు వంటింటిదాకా వినిపించింది. బీడీల చాట పక్కన పెట్టి ఆమె గదిలోకి వచ్చింది. మంచమంత చెక్క మీద బొమ్మ రైలు పరుగెడుతోంది.

"నడిచిందా! నెలంత ఇంట్ల ఫ్యూజులు ఎగిరిపోవుడే అయ్యె గదా."

"గిప్పుడు మస్తు నడుస్తది. గీ మైకు పట్టు. నువ్వు స్టేషన్ పేరు చెప్పు, నేను స్విచ్చేస్త," అన్నాడు భర్త లింబాద్రి. పసుపు మార్కెట్ యార్డులో పని మానేశాక, ఫోన్‌లో చూసి వైరింగ్ నేర్చుకున్నాడు.

"అంకాపూర్!" అందామె. రైలు కదిలింది. "బాల్కొండ!" మళ్లీ కదిలింది.

ఆఖరి బోర్డు మీద 'లింబాద్రి' అని ఉంది. ఆమె మైకు దించేసింది.

"ఓయబ్బో! గిందుకా గీ రైలంత?"

"ఆఖరి పట్టాలకు స్విచ్చి వేరే పెట్టిన. నీ నోట నా పేరు ఇనబడితెనే అది ఏస్త. పెండ్లినాడు గడపకాడ చెప్పినవు, మళ్ల ఇననే లే."

"మొగని పేరు చెప్పొద్దని మా అమ్మ అన్నది, మీ అమ్మ అన్నది. మరి పెండ్లాం పేరు చెప్పొద్దని నీకెవరన్నరు?"

"నేను పిలుస్త గదా..."

"ఏమే, ఇగో, ఎటు పోయినవే. గివేనా నా పేర్లు?"

లింబాద్రి నవ్వు ఆగింది. గడప దాటాక తాను ఆమెను పేరు పెట్టి పిలిచిన రోజు ఒక్కటైనా ఉందేమోనని వెతుక్కున్నాడు. దొరకలేదు. ఆమె చేతిలోని మైకు అందుకుని, పెళ్లికొడుకులా తల వంచుకున్నాడు.

"జర అందరు ఇనుండ్రి. వచ్చే స్టేషన్... భూలక్ష్మి."