మూడు రోజుల ఉపవాసం

"పక్కకు తప్పుకో అవ్వా! ఈ గుడి ఇక మిలాసా నగరానిది," అన్నాడు నగర ప్రతినిధి పిగ్రేస్.

నన్నిస్ కదల్లేదు. లబ్రౌండా కొండ మీది దేవుడి కొలనులో చేపలకు ఏడు తరాలుగా మేత వేస్తున్నది ఆమె వంశమే.

"ఎవరిదో తేల్చాల్సింది నువ్వు కాదు నాయనా. అవి," అంటూ నీళ్లలోకి చూపించింది. చేపల మొప్పల దగ్గర బంగారు పోగులు తళుక్కుమన్నాయి.

అడిగినవాడు రొట్టె వేస్తాడు. చేపలు తింటే దేవుడు ఔనన్నట్టు, ముట్టకపోతే కాదన్నట్టు. కారియా దేశంలో ఎంతటివాడైనా ఆ తీర్పుకు తల వంచాల్సిందే.

పిగ్రేస్ నవ్వాడు. "అడగడానికే వచ్చా. నువ్వు ముందుగానే వాటి కడుపు నింపి కాదనిపిస్తావని తెలుసు. అందుకే మూడు రోజులుగా కొలను చుట్టూ పన్నెండు మంది భటుల్ని పెట్టించా. నిన్ను దగ్గరికి రానిచ్చారా?"

"లేదు."

"మరి ఇప్పుడు వాటి ఆకలి ఎలా ఉంటుందంటావ్?"

 నన్నిస్ ఎత్తిన తల దించలేదు. "మా దేవుడి చేపలవి. ఆకలికి లొంగవు. రొట్టె వెయ్యి!"

కొలను చుట్టూ జనం మెడలు చాచి చూశారు. భటులు మాత్రం నేలచూపులు చూస్తున్నారు.

"స్వామీ, నీ గుడి మిలాసాకు ఇస్తావా?" పిగ్రేస్ బార్లీ రొట్టె విసిరాడు.

పెద్ద చేప ఒకటి తాపీగా వచ్చింది. మూతితో తాకి చూసింది. తోకతో ఒడ్డుకు నెట్టేసింది.

పిగ్రేస్ ఇంకో ముక్క వేశాడు. అత్తిపండు వేశాడు. జున్ను కూడా వేశాడు. ఒక్క చేపా నోరు తెరవలేదు.

జనం హోరెత్తారు. నన్నిస్‌ను భుజాల మీదికెత్తుకున్నారు. పాలిపోయిన ముఖంతో పిగ్రేస్ కొండ దిగిపోయాడు.

సందడి సద్దుమణిగాక, గడ్డం నెరిసిన భటుల నాయకుడు తుమ్నేస్ ఒక్కడే మిగిలాడు.

"చూశావా నాయనా!" అంది నన్నిస్ కళ్లు తుడుచుకుంటూ. "మూడు రోజులు పస్తున్నా మా చేపలు ఎంగిలి పడలేదు!"

తుమ్నేస్ తల గోక్కుంటూ గొంతు తగ్గించాడు.

"అవ్వా... ఈ వయసులో నాకు పెళ్లవుతుందా అని నలభైసార్లు అడిగా, నలభై రొట్టెలూ తినేశాయి. మావాళ్లు పదకొండు మందికీ అంతే. అంటే ఔననేగా?"