ఖాళీ కాబోయే ఇల్లు

“కాస్త ఆ కాళ్ళు అటు జరపండి, పెద్దాయనా. గోడ కొలవాలి.”

కొలతల టేపు పట్టుకున్న లావుపాటి మనిషి రెండుసార్లు అడిగాడు. కిటికీ పక్క కుర్చీలో వెనక్కి వాలి ఉన్న ముసలాయన కళ్ళు తెరవలేదు. మూడోసారి అడగకుండా అతను టేపును ఆయన మోకాళ్ళ మీదుగానే లాగాడు.

“మూడు మీటర్ల పది. మన సోఫా పట్టేస్తుందోయ్” అని భార్యకి వినబడేలా అరిచాడు.

మిర్యెతా గుమ్మంలోనే ఆగిపోయింది. ఆమె అల్బేనియా నుంచి మాన్‌హైమ్‌ ఆస్పత్రికి నర్సుగా వచ్చి రెండు నెలలైంది. ఆస్పత్రి వాళ్ళిచ్చిన గది నెలాఖరుకి ఖాళీ చేయాలి. చిరునామా లేనివాళ్ళకి ఈ ఊళ్ళో ఉద్యోగం నిలవదు. ఇది ఆమె చూస్తున్న నలభై ఒకటో ఇల్లు.

“ఆయన్ని పట్టించుకోకండి” అన్నాడు ఇల్లు చూపించే ఏజెంటు రుప్పెర్ట్, వచ్చినవాళ్ళందరికీ బూట్ల మీద వేసుకునే నీలం ప్లాస్టిక్ తొడుగులు పంచుతూ. “వెండెలిన్ గారు. ఇప్పుడిక్కడ అద్దెకుంటున్నది ఆయనే. మనం వచ్చామంటే చాలు, చెవి మిషను తీసి పక్కన పడేసి నిద్ర నటిస్తాడు. కిందటి వారం ఒకావిడ మీద చెప్పు విసిరాడు. ఇవాళ చాలా నయం.”

ముప్పై మంది ప్లాస్టిక్ కాళ్ళతో చరచరలాడుతూ ఇల్లంతా తిరిగారు. ఒకావిడ బీరువా తీసి ఆయన చొక్కాల మధ్య ముక్కు పెట్టి చూసింది.

“ముసలి కంపు. సున్నం వేయిస్తే పోతుందిలే.”

ఇంకొకతను ఫ్రిజ్ తలుపు తెరిచాడు. “సగం సాసేజ్ ఉంది. పెద్దాయన నోరు కట్టుకోలేదన్నమాట.” అందరూ నవ్వారు.

టై కట్టుకున్న ఒక కుర్రాడు ముసలాయన మోచేతి పక్కనున్న గిన్నెలోంచి చాక్లెట్ తీసుకుని నోట్లో వేసుకున్నాడు. కాగితం మళ్ళీ ఆ గిన్నెలోనే పడేశాడు. తర్వాత తన దరఖాస్తును ఆయన ఒళ్ళో పరిచి జీతం వివరాలు నింపడం మొదలుపెట్టాడు.

“బల్ల కన్నా ఇదే నయం” అన్నాడు పక్కవాడితో.

“ఈ కుర్చీ ఆయనతో పాటే పోతుందా, మనకి వదిలేస్తారా?” టేపు మనిషి భార్య అడిగింది.

 మిర్యెతా వాళ్ళ ఊళ్ళో పెద్దవాళ్ళున్న గదిలోకి అడుగుపెడితే ముందు కుశలం అడిగాకే మరో మాట. ఇక్కడ ఒక్కరికీ ఆయన మనిషిగా కనిపించలేదు. థూ, ఏం జనం.

జనాన్ని తోసుకుంటూ వెళ్ళి కుర్చీ పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. “వెండెలిన్ గారూ, మమ్మల్ని క్షమించండి” అంటూ ఆయన చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. చాలాసేపు అలాగే పట్టుకుని ఉండిపోయింది. తర్వాత ఆయన ఒళ్ళోని దరఖాస్తు తీసి, కుర్రాడి ముఖం చూడకుండా అతని చేతిలో పెట్టింది. జారిపోయిన దుప్పటిని ఆయన మెడ దాకా కప్పింది.

“ఏజెంటు చూస్తున్నాడని సేవలు మొదలెట్టారా, మేడమ్?” అన్నాడు కుర్రాడు.

“ఆయన్ని పడుకోనివ్వండి” అంది మిర్యెతా.

ఇంతలో రుప్పెర్ట్ చప్పట్లు కొట్టాడు. “ఒక్క చిన్న సంగతి. ఈయనకి వృద్ధాశ్రమంలో చోటు ఇంకా రాలేదు. వసంతంలో రావచ్చు, వచ్చే ఏడాదీ కావచ్చు. అంతవరకు ఈయన్ని కదిలించడానికి చట్టం ఒప్పుకోదు. ఒప్పందం మాత్రం ఇవాళే.”

“మరి ఇంత దూరం మమ్మల్ని ఎందుకు రప్పించారండీ?” టేపు మనిషి ముఖం ఎర్రబడింది.

“ప్రకటనలో ఆఖరి వరుస చదవలేదా?”

“ఈ ముసలాడు ఎప్పుడు కదులుతాడా అని మేం రోడ్డు మీద కూర్చోవాలా?”

తొడుగులు తీసి నేల మీదే విసిరేసి ఒక్కొక్కరూ మెట్లు దిగిపోయారు. చాక్లెట్ కుర్రాడు పోతూ పోతూ ఇంకో రెండు జేబులో వేసుకున్నాడు. ఐదు నిమిషాల్లో ఇల్లు ఖాళీ అయింది. మిర్యెతా ఒక్కతే మిగిలింది.

“మీరూ వెళ్తారా?” నీరసంగా అడిగాడు రుప్పెర్ట్.

“నేను ఆగుతాను.”

“నెలాఖరుకి గది పోతుందని ఫోన్లో చెప్పారుగా?”

“సర్దుకుంటాను. ఒప్పందంలో మాత్రం, ఈయన ఖాళీ చేసిన మర్నాటి నుంచే ఇల్లు నాది అని రాయండి.”

“అదెంత పని” అన్నాడు రుప్పెర్ట్. వంటగదిలో నిలబడే ఆ వరుస రాసి, యజమాని తరఫున సంతకం పెట్టాడు. ఆమె కూడా పెట్టింది. “నిజం చెప్పనా? ఇరవై ఏళ్ళుగా ఇళ్ళు చూపిస్తున్నాను. ఇవాళ వచ్చిన ముప్పై మందిలో మనిషన్నవారు మీరొక్కరే. ఆ ముసలాయన చేయి పట్టుకున్నారు చూడండి, నాకే సిగ్గేసింది.”

మిర్యెతా తన ప్రతిని నాలుగు మడతలు పెట్టి సంచిలో దాచుకుంది. సంచి జిప్పు చివరి దాకా లాగింది.

“ఇప్పుడు డాక్టర్ని పిలవండి” అంది. “తొందరేం లేదు, ఆయన పొద్దున్నే పోయారు.”