గొంతు మీదే సార్

"గొంతు మీదే సార్. పోయినసారీ మీదే," అంది స్టోర్‌కీపరు ఫోన్‌లో, గోడౌను తాళంచెవి గుప్పిట్లో బిగించి.

పోయిన నెల ఎవరో కంప్యూటర్‌తో అచ్చం యజమాని గొంతే పుట్టించి ఫోన్ చేస్తే, నమ్మి లారీడు మందులు పంపేసింది. ఆయన ఆమెను గదిలోకి పిలిచి, తలుపేసి దులిపేశాడు. ఆ మర్నాడు ఆయనే నియమం పెట్టాడు: "ఇకమీదట నేను ఫోన్ చేసినా సరే, మనిద్దరికే తెలిసినదేదైనా అడుగు. చెప్పలేకపోతే తాళం తియ్యకు."

"అక్కా, లోడు ఎత్తించనా?" లారీ డ్రైవరు గుమ్మంలోంచి అరిచాడు.

"ఆగు తమ్ముడూ." మళ్లీ ఫోన్‌లోకి, "చెప్పండి సార్. ఆ రోజు గదిలో నన్ను ఏమన్నారు?"

"ఇదేం ప్రశ్న! పక్కన పార్టీవాళ్లున్నారు. సాయంత్రానికి సరుకు అందకపోతే ఆర్డరు పోతుంది."

"మెల్లగానే చెప్పండి."

అటు గొంతు తగ్గింది. "బుద్ధిలేనిదానివన్నానా?"

"కాదు."

"మొద్దువన్నానా?"

"కాదు సార్."

"కోపంలో సవాలక్ష అంటాంలేమ్మా! నిజంగా గుర్తు లేదు."

ఆ రోజు గదిలో అన్న మాట నెలరోజులుగా ఆమెకు ముద్ద దిగనివ్వలేదు. ఆయనకు గుర్తే లేదు. దొంగయితే ఇంకో నాలుగు మాటలు విసిరి చూసేవాడు. ఇంత నిశ్చింతగా మరిచిపోగలిగేది ఆ మాట అన్నవాడొక్కడే. ఫోన్‌లో ఉన్నది ఆయనేనని ఆమెకిక రవ్వంత అనుమానం లేదు.

"జవాబు తప్పు సార్," అని పెట్టేసి, డ్రైవరు వైపు తిరిగింది.

"ఎవడో దొంగ ఫోను. ఖాళీ బండి తీసుకెళ్లిపో, తమ్ముడూ."