తల మీద చెయ్యి

"జెర పైలంగ పో బిడ్డా లోపలికి," అంది ఎదురింటి ఎల్లమ్మ, గేటు పట్టుకొని.

గ్లోరియా అప్పుడే ఆటో దిగింది. బోయిగూడలో తాను పుట్టిపెరిగిన ఇంటి ముందు ఆరేళ్ళ తర్వాత నిలబడింది.

"ఏమైంది పెద్దమ్మా?"

"మీ అన్న పొద్దుగాల తలుపు పెట్టుకున్నడు, ఇంకా తియ్యలే. పాస్టరయ్య ప్రార్థనకొస్తే సుత వాపస్ పంపిండు. నేను చాయ్ తీస్కపోతే కిటికీ రెక్క ఏసిండు. ముసలాయనతోని ఏలిముద్రలు పెట్టించుకుంటున్నడో ఏమో!"

నిప్పు లేనిదే పొగ రాదంటారు. గ్లోరియా తండ్రి జకర్యా ఇల్లు రెండు గదులదే. కానీ రైల్వే స్టేషన్‌కు దగ్గర. అలాంటి జాగా కోసం తోడబుట్టినవాళ్ళు కోర్టు మెట్లెక్కడం ఆ వాడకు కొత్తేమీ కాదు.

గ్లోరియాకు ఇల్లు అక్కర్లేదు. ఆమెకు కావలసింది తండ్రి కుడిచెయ్యి.

ఆ ఇంట్లో పిల్లలు పరీక్షకు వెళ్ళాలన్నా, ఊరెళ్ళాలన్నా జకర్యా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశాకే కదిలేవారు. గ్లోరియా విజయేందర్‌ను చేసుకుంటానన్న రోజు ఆ చెయ్యి వెనక్కి పోయింది. చర్చి సంఘ పెద్దకు పుట్టిన కూతురు బొట్టు పెట్టుకునే ఇంటికి కోడలవుతుందా? మళ్ళీ ఆయన ఆమె పేరెత్తలేదు.

జనగామలో ఆమెకు ఇల్లు, కారు, ఒంటినిండా బంగారం అన్నీ అమిరాయి. కడుపులో బిడ్డ మాత్రం రెండుసార్లు నిలవలేదు. ఇప్పుడు మళ్ళీ నాలుగో నెల. తండ్రి దీవెన లేకుంటే ఈ బిడ్డా దక్కదని ఆమె భయం. డాక్టర్లు ఎంత చెప్పినా ఆ భయం పోలేదు. అందుకే పొద్దున అన్న డేవిడ్ రాజు ఫోన్ చేసి, "డాడీ నిన్ను రమ్మంటున్నడు, జల్ది రా," అనగానే కట్టుబట్టలతో రైలెక్కింది.

తలుపు కొట్టింది. చాలాసేపటికి గడియ తీశాడు అన్న. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆమె లోపలికి రాగానే మళ్ళీ గడియ పెట్టాడు.

"ఎవరన్న ఎంబడి వచ్చిండ్రా?"

"లేదు. ఎందుకన్నా?"

అతడు గదిలోకి నడిచాడు.

గదిలో కర్టెన్లన్నీ వేసి ఉన్నాయి. జకర్యా గోడవైపు మొహం తిప్పుకొని పడుకున్నాడు. దుప్పటి మెడదాకా కప్పి ఉంది. కుడిచెయ్యి ఒక్కటే బయట ఉంది. డేవిడ్ రాజు మంచం పక్కన కూర్చుని ఆ చేతిని తన అరచేతుల్లో ఆపకుండా రుద్దసాగాడు. బొటనవేలికి సిరా అంటిందేమోనని గ్లోరియా చూపు దానంతటదే అటు పోయింది. తన మీద తనకే అసహ్యం వేసింది.

"డాడీ..."

"దగ్గరికి పోకు!" కసిరాడు. "మాట పడిపోయింది. డాక్టర్ సూది ఇచ్చిపోయిండు. లేపొద్దు."



"అన్నా, ఇల్లు నువ్వే తీస్కో. నా వాటా సుత నీకే. ఏడ సంతకం పెట్టమంటే ఆడ పెడ్త. నాకు ఆ చెయ్యి ఒక్కటి చాలు."

డేవిడ్ రాజు ఆమె వైపు చూడలేదు.

"ఇంటి ముచ్చట ఇప్పుడొద్దు. మోకాళ్ళ మీద కూసో. కళ్ళు మూస్కో. నేను చెప్పేదాక తెరవకు."

భయపడుతూనే మోకరించింది. చెయ్యి తల మీద పడింది. బరువుగా ఉంది. వెచ్చగానే ఉంది.

"డాడీ మాట నేను చెప్తున్న," అన్నాడు అన్న. "దేవుడు నీకు తోడుండాలె. నీ కడుపు పండాలె. పుట్టే బిడ్డ నిండు నూరేళ్ళు బతకాలె. ఆమెన్."

గ్లోరియా వెక్కివెక్కి ఏడ్చింది. ఆరేళ్ళ బరువు దిగిపోయింది. కళ్ళు తెరిచేసరికి ఆ చెయ్యి దుప్పటి కిందికి వెళ్ళిపోయింది.

"నాకింకేం వద్దన్నా," అంది పొట్ట తడుముకుంటూ.

"ఎల్లమ్మ కాడికి పో, జెర చాయ్ తాగు." అతడు గడియ తీశాడు. "పాస్టరయ్యకు ఫోన్ చేసి ఇగ రమ్మను."

ఆమె జనగామలో రైలెక్కక ముందే, "అది నా గడప తొక్కొద్దు" అంటూ కన్నుమూశాడు జకర్యా.